డొల్ల పొర

“నేను పెట్టను.”

పెద్దమ్మాయి పెన్నుకి మూత బిగించి బల్ల మీద అవతలికి తోసింది. అది దొర్లుకుంటూ పోయి జిగురు గిన్నెకి తగిలి ఆగింది.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీ అవతల ఎండ ఉంది కానీ అందులో కాక లేదు. బల్ల చుట్టూ నలుగురు, నలుగురి మధ్య కాగితపు ముక్కల గుట్ట. చుక్కలవి, గళ్ళవి, తీగలవి, బంగారు నక్షత్రాలవి. ఎవరైనా ఊపిరి గట్టిగా వదిలితే తూర్పారబట్టిన పొట్టులా లేచి పడుతున్నాయి.

“ఏం పెట్టవు?” అన్నాడు తండ్రి, తెలియనట్టు. చేతిలో సన్నకుంచె ఉంది. బతుకంతా షాపుల బోర్డులు రాసిన చెయ్యి అది. కార్డు మీద క్రిస్మస్ శుభాకాంక్షలు రాయడం దానికొక లెక్క కాదు.

“సంతకం. నువ్వు అడిగింది అదేగా.”

“తమ్ముడు పెట్టాడు కదా.”

“వాడికి తినడానికేదైనా ఇస్తే దేనిమీదైనా పెడతాడు.”

తమ్ముడు నోట్లో బిస్కెట్టుతో తలెత్తాడు. రాత్రిళ్ళు బేకరీలో పనిచేసి పగలు పడుకునే మనిషి. ఆదివారం కాబట్టి లేచాడు కానీ, మొహం ఇంకా దిండు మీదే ఉన్నట్టుంది.

“మధ్యలో నన్నెందుకు లాగుతావక్కా? సంతకమే కదా, ఆస్తి రాసిమ్మనలేదు కదా.”

“ఆస్తయితే రాసిచ్చేదాన్నిరా.”

ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్‌కి బయటికి వెళ్ళే ప్రతి కార్డులోనూ ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఎవరి చేత్తో వాళ్ళు సంతకం పెట్టాలి. చిన్నవాళ్ళు ముందు, ఇంటాయన ఆఖరున. ఒక్కరు పెట్టకపోయినా ఆ కార్డు గడప దాటదు. తల్లి పెట్టిన పద్ధతి అది. తల్లి పోయి ఏడాది కావస్తున్నా పద్ధతి పోలేదు.

పెద్దమ్మాయి పేరు పక్కన ఒక చోటు ఉంది. పోయినేడు దాకా అది తల్లిది. ఈ ఏడు ఆ చోట్లో సంతకం పెట్టడానికి ఒకావిడ చేతులు తుడుచుకుని కూర్చుంది.

ఈవిడ ఇంట్లోకి రాబోతోందని బంధువులందరికీ నోరు తెరిచి చెప్పుకోవడం తండ్రికి చేతకాదు. “కార్డు వెళ్తే వాళ్ళకే తెలుస్తుంది. మీ ఇద్దరి పేర్లూ ఉంటే ఎవడూ మారు మాట్లాడడు” అని వారం కిందట అన్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి పెద్దమ్మాయికి ఆ ఖాళీ చోటు ఊడిపోయిన పంటి సందులా కనిపిస్తోంది. చూడకూడదనుకుంటుంది. చూపు అక్కడికే పోతుంది.

“పోనీ లెండి,” అంది ఆవిడ తండ్రితో. “పిల్లని తొందరపెట్టకండి. మనసుకి పట్టాలి కదా.”

ఆవిడది నాలుగు వీధుల అవతల వాల్‌పేపర్ షాపు. గోడలకి అంటించే కాగితాల నమూనా పుస్తకాలు పాతబడితే ఈ ఇంటికి మోసుకొస్తుంది. ఆవిడని ఏమని పిలవాలో తెలియక, పిలవడం ఇష్టంలేక, పెద్దమ్మాయి మొదటి రోజునే ‘జిగురావిడ’ అంది. తమ్ముడు పకపకా నవ్వాడు. ఆ పేరే ఖాయమైంది. చాటున మాత్రమే.

ఆ ‘పోనీ లెండి’ వింటే పెద్దమ్మాయికి వెన్నులోంచి జలదరింపు వస్తుంది. అరిచే మనిషయితే అరవచ్చు. ఈవిడ అరవదు. ఎంత విదిలించినా వేలికి అంటుకునే ఉంటుంది.

జిగురావిడ నాలుక మీద వేలు తడి చేసుకుని గుట్టలోంచి ఒక గళ్ళ కాగితం ఎత్తింది. మళ్ళీ నాలుక, మళ్ళీ కాగితం. ఒక పీలిక ఆవిడ పెదవి మూల అంటుకుంది. ఆవిడకి తెలియలేదు. మాట్లాడినప్పుడల్లా అది లేచి పడుతోంది.

పెద్దమ్మాయి పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. పొద్దస్తమానం తెరిచిన నోళ్ళ ముందు నిలబడాలి. చీముపట్టిన చిగుళ్ళు, పుచ్చిన దంతాలు, నెత్తురు కలిసిన ఉమ్ము. ఏనాడూ కడుపులో తిప్పలేదు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని అక్కడే గోడవారగా కూర్చుని రొట్టె తినేది. అలాంటి మనిషికి ఇప్పుడు, సొంత ఇంట్లో, సొంత బల్ల దగ్గర, నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఆకలికి ఊరేవి కావు.

“జిగురు పులిసింది,” అంది.

“పిండి జిగురు కదమ్మా. నిన్నటిది. కాస్త వాసనుంటుంది, పట్టు మాత్రం గట్టిగా ఉంటుంది.”

“మా అమ్మ ఏ పూటకాపూట కాచేది.”

“మీ అమ్మకి ఓపిక.”

“మా అమ్మ ఓపిక గురించి మీకెట్లా తెలుసు?”

జిగురావిడ తల దించుకుని కాగితం అంచు స్కేలుకి ఆనించింది. తమ్ముడు ఇంకో బిస్కెట్టు తీసుకుని, దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, మళ్ళీ పెట్టేశాడు. వాడు తినేది పెట్టేశాడంటే ఇంట్లో గాలి బాగాలేదని అర్థం.

తండ్రి కుంచె కడిగి పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. జుట్టుకి కొత్తగా రంగు వేసుకుంటున్నాడు ఈ మధ్య. చెవి వెనక తోలుకి కూడా అంటింది. చొక్కా కాలరు మీద నల్లగా మరక. పెద్దమ్మాయి ఆ కాలరు మూడుసార్లు ఉతికింది, ఇక ఉతకదు.

“చూడమ్మాయ్,” అన్నాడు. “నేను వెతుక్కుంటూ పోలేదు. ఎండాకాలంలో షాపుకి కొత్త బోర్డు రాయమని కబురొస్తే వెళ్ళాను. ఆ కబురు రాకపోతే ఈమె ఎవరో, నేనెవరో. నిచ్చెన మీద ఉంటే కిందనుంచి మంచినీళ్ళిచ్చింది. అంతే. రాసిపెట్టి ఉంటే అట్లాగే జరుగుతుంది.”

“రాసింది నువ్వేగా. బోర్డు.”

తమ్ముడికి నవ్వొచ్చింది. దగ్గులోకి తిప్పాడు.

“వేళాకోళం కాదు. అనుకోకుండా దొరికిన మనిషి.”

ఈ కథ తండ్రి ఇప్పటికి చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా మంచినీళ్ళు ఇంకాస్త చల్లబడుతున్నాయి. మాట తక్కువ మనిషికి ఒక్క కథ దొరికితే ఇట్లాగే అరగదీస్తాడు. తల్లి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పడు.

మాటల మధ్యలో ఆయన జిగురావిడ చెయ్యి తన అరచేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా తీసుకున్నాడు, తాను తీసుకున్నట్టు కూడా తెలియకుండా. ఆవిడ వేళ్ళ కొసల మీద జిగురు ఆరి తెల్లటి పొర కట్టింది. తండ్రి గోటితో ఆ పొర అంచు లేపి మెల్లగా ఒలవసాగాడు, ఉడికిన దుంప తొక్క ఒలిచినట్టు. ఒలిచినదాన్ని ఉండ చుట్టి బల్ల అంచున పెట్టాడు. ఇంకొకటి ఒలిచి, దాని పక్కన పెట్టాడు.

పెద్దమ్మాయి ఆ ఉండల్ని చూసింది. వాటి మీద వేలిముద్రల గీతలు కూడా ఉన్నాయి.

“అమ్మ గోళ్ళు పెరిగి దుప్పటికి పట్టుకుంటుంటే కత్తిరించింది నేను,” అంది. గొంతు పెంచలేదు. “నువ్వు కాదు నాన్నా. నీకు అప్పుడు కళ్ళు సరిగ్గా ఆనట్లేదన్నావు.”

తండ్రి చేతులు ఆగాయి. జిగురావిడ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపారు. 

“ఒక్కసారి కార్డయినా చూడక్కా,” అన్నాడు తమ్ముడు, ఉండబట్టలేక. “బాగానే వచ్చింది.”

చూసింది. మడిచిన దళసరి అట్ట. దాని మీద ముదురాకుపచ్చ కాగితం, దాని మీద కొంచెం చిన్నగా గళ్ళది, ఇంకొంచెం చిన్నగా మరొకటి. కిందిది పై దాని చుట్టూ సన్నటి అంచులా కనిపించాలి. అన్నిటికంటే పైన నక్షత్రం, వెనక స్పాంజి ముక్క పెట్టి లేపింది. పనితనం బాగానే ఉంది. అదే ఆమెకి ఇంకా రోతగా ఉంది. చెడ్డగా ఉంటే బాగుండేది.

నక్షత్రం కింద ఉన్న కాగితం మీద చూపు ఆగిపోయింది. నీలి చారలు, చారల మధ్య పిసరంత తెల్లపువ్వు.

“ఇదెక్కడిది?”

తమ్ముడు తండ్రి వైపు చూశాడు.

“ఇది అమ్మ అలమరాలో, చీరల సొరుగు అడుగున పరిచింది. ఎవరు తీశారు?”

“నేనే ఇచ్చాను,” అన్నాడు తండ్రి. “సొరుగు ఖాళీ చెయ్యాలిగా.”

“ఎందుకు ఖాళీ చెయ్యాలి?”

సొరుగు ఎవరి బట్టలకి కావాలో చెప్పక్కర్లేదు. ఆ బట్టల మీద పులిసిన పిండివాసన ఉంటుంది. అదే సొరుగులో. అదే మంచం పక్కన. 

“తీశారు సరే,” అంది పెద్దమ్మాయి, జిగురావిడ వైపు తిరిగి. “వాడటమైనా తెలియాలి కదండీ. ఇంత ముక్క మొత్తం అతికించి, పైన నక్షత్రం కప్పేశారు. కింద మధ్యలో ఎవరు చూస్తారని? మా అమ్మ అయితే మధ్యభాగం బ్లేడుతో కోసి తీసేసేది. కనిపించే అంచు మాత్రం ఉంచేది. తీసిన ముక్క ఇంకో కార్డుకి పనికొచ్చేది. పైన కప్పుకున్నాక లోపలేముందో ఎవడు చూస్తాడు, దండగ అనేది. ఒక్క కాగితం నాలుగు కార్డులకి సాగేది.”

“సాగుతుందమ్మా. కానీ లోపల డొల్లగా ఉంటే తేమకి మధ్యలో కుంగుతుంది. నేను గోడలకి అంటించేదాన్ని. అడుగున గాలి ఉంటే నాకు చెయ్యి ఒప్పదు.”

“మా అమ్మ కార్డులు కుంగలేదు.”

“కుంగుతాయి. కొన్నేళ్ళు పోతే.”

“కుంగలేదంటున్నాను కదా!”

పెద్దమ్మాయి లేచింది. కుర్చీ వెనక్కి పడబోయి గోడకి ఆనింది. అద్దాల బీరువా మీద ఏటికొకటి చొప్పున ఇంటి కోసం దాచుకున్న కార్డులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చివరిది పోయినేటిది. దాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. తన డబ్బాలోంచి సన్నటి కొక్కెం తీసింది. పళ్ళ సందుల్లో గీరే పాత పరికరం, డాక్టరు పారేసింది. తప్పుగా అతికిన పొర లేపడానికి ఇంతకంటే మంచిది లేదని తల్లే అడిగి తెప్పించుకుంది.

“అది ముట్టుకోకు,” అన్నాడు తండ్రి. ఈ మధ్యాహ్నం మొదటిసారి ఆయన గొంతు గట్టిగా వచ్చింది. “మీ అమ్మ చేసిన ఆఖరి కార్డు అది.”

“తెలుసు. అందుకే చూపిస్తున్నాను. మంచంలో ఉండి, చేతులు వణుకుతున్నా పద్ధతి తప్పలేదు. ఈవిడని చూడనీ.”

“అక్కా, వద్దు,” అన్నాడు తమ్ముడు.

“మళ్ళీ అతికిస్తాలేరా.”

జిగురావిడ పెదవి మూల పీలిక అట్లాగే ఉంది, ఇప్పుడు కదలడం లేదు.

పెద్దమ్మాయి పై పొర అంచు కింద కొక్కెం కొన దూర్చింది. పాచి తీసేటప్పుడు డాక్టరు పట్టే వాటంగానే పట్టింది. మెల్లగా, చిగురు తెగకుండా. పొర చిరగకుండా లేచి వచ్చింది. దాని కింద రెండో పొర.

“ఇదిగో, మధ్యలో…” అంది.

మధ్యలో నిండుగా ఉంది.

ఎక్కడా కోత లేదు. బంగారు చుక్కల కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాపుగా, గోడకి అంటించినట్టు.

పెద్దమ్మాయి కార్డుని వెలుతురు వైపు తిప్పింది. వేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏడాదైనా కాస్త పులుపు మిగిలే ఉంది.

ఆ వాసన ముక్కు దాటి గుండెలో దిగింది. తల్లి పక్క గదిలో మూలుగుతుంటే ఈ బల్ల దగ్గర ఈవిడ కూర్చుని నాలుకతో వేలు తడుపుకుని ఉంటుంది. ఈయన పక్కన కూర్చుని ఒలిచి ఉంటాడు.

“నాన్నా,” అంది. “అమ్మ బతికుండగానే…?”

“ఏంటి?”

“అమ్మ బతికుండగానే ఈవిడ ఈ ఇంటికొచ్చింది. ఇది ఈవిడ చెయ్యి. నువ్వు బోర్డు అన్నావు, నిచ్చెన అన్నావు, మంచినీళ్ళు అన్నావు. ఛీ! కథ చెప్పడానికైనా నీకు నోరెలా వచ్చింది?”

“ఒట్టు. పిల్లల మీద ఒట్టు.” తండ్రి మొహం సున్నంలా అయింది. “బోర్డు రాయకముందు ఈమె మొహం నేను చూసి ఎరగను. ఆ కార్డు మీ అమ్మే ఇచ్చింది నా చేతికి. నేనే చేశాను అంది. నువ్వూ విన్నావు.”

విన్నది. దిండుకి ఆనుకుని, చెమట పట్టిన మొహంతో, నేనే చేశాను, ఎట్లా ఉంది, అంది తల్లి. ఆమె వేళ్ళు అప్పటికే కత్తెర పట్టడం మానేశాయి. ఎట్లా చేశావమ్మా అని ఎవరూ అడగలేదు. అడిగితే చిన్నబోతుందనుకున్నారు.

“ఆయన నన్ను చూడలేదు. అది నిజమే,” అంది జిగురావిడ.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

“ఆ రెండోది కూడా తియ్యమ్మా.”

పెద్దమ్మాయికి తియ్యాలని లేదు. కొక్కెం కింద పెట్టేసి లేచిపోదామనుకుంది. కానీ చెయ్యి ఆగలేదు. పుచ్చిన పన్ను దగ్గర నాలుక ఆగనట్టే.

బంగారు చుక్కల పొర గట్టిగా పట్టుకుని ఉంది. ఒక మూల లేచింది, ఇంకో మూల లేచింది. దాని కింద ఎర్రకాగితం. మధ్యలో కాగితం లేదు. నలుచదరంగా కోసిన డొల్ల. ఒక్కో మూల దగ్గర బ్లేడు ఆగాల్సిన చోట ఆగక కాస్త ముందుకు పోయిన గాటు. తల్లి ఎప్పుడూ చేసే తప్పు. ఈసారి గాట్లు పొడుగ్గా ఉన్నాయి, వంకరగా ఉన్నాయి.

ఒకే కార్డులో రెండు చేతులు.

“ఎర్రది ఆమే కోసింది,” అంది జిగురావిడ. “నేను పట్టుకుంటానంటే పట్టుకోనివ్వలేదు. ఆ ఒక్కటీ అయ్యేసరికి సాయంత్రమైంది. మిగతావి నన్ను చెయ్యమంది. నేను కొయ్యనన్నాను. అప్పుడూ ఇదే గొడవ, డొల్లగా ఉంచాలా నిండుగా ఉంచాలా అని. నీలాగే పోట్లాడింది.”

“ఎప్పుడు?”

“మధ్యాహ్నాలు. కాగితాల కోసం నా షాపుకొచ్చేది, మంచాన పడ్డాక నన్నే రమ్మంది. నువ్వు పళ్ళ దగ్గర, ఆయన నిచ్చెన మీద, అబ్బాయి నిద్రలో.”

తమ్ముడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. “కత్తెర చప్పుడు వినిపించేదక్కా,” అన్నాడు నెమ్మదిగా. “మాటలు కూడా. అమ్మ ఒక్కతే మాట్లాడుకుంటోందనుకున్నా. పిచ్చి ముదిరిందేమోనని… నీకు చెప్పలేదు.”

“మరి ఇన్నాళ్ళూ మీరెందుకు చెప్పలేదు?” అంది పెద్దమ్మాయి.

“చెప్పొద్దంది. కార్డులు తనే చేసిందనుకోవాలంది అందరూ.”

అంతవరకూ బాగానే ఉంది. పెద్దమ్మాయికి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది కానీ, అంతవరకూ మింగుడుపడింది. తండ్రే కదిలాడు. బల్ల మీదికి వంగి జిగురావిడ మొహంలోకి చూశాడు, దూరం నుంచి చదవలేని బోర్డుని చూసినట్టు.

“అయితే… ఎండాకాలంలో బోర్డుకి కబురు పెట్టావు.”

“పెట్టాను.”

“ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళు బోలెడుమంది. నాకే ఎందుకు పెట్టావు?”

జిగురావిడ బల్ల అంచున ఉన్న జిగురు ఉండల్ని ఒక్కొక్కటే కూడదీసింది.

“నీ షాపు పాత బోర్డు అప్పటికి బాగానే ఉంది,” అన్నాడు తండ్రి. “రంగు కూడా వెలిసిపోలేదు. అప్పుడే అనుకున్నాను, దీన్నెందుకు చెరిపిస్తోందని. అడగలేదు.”

“అడిగితే చెప్పేదాన్ని.”

“ఎవరు చెప్పారు నీకు నాకు కబురు పెట్టమని?”

“నేను వద్దనే అన్నాను మొదట,” అంది ఆవిడ. ఇక పేరు చెప్పక్కర్లేకపోయింది. “ఏడ్చింది. ఒంటికి రాసుకునే సబ్బు ఎక్కడుందో కూడా తెలియదు ఆయనకి, గోడలతో మాట్లాడుకుంటూ కూర్చుంటాడు అంది. ఎండలు ముదిరేదాకా ఆగమంది. నిచ్చెన మీద ఉంటే దాహమేస్తుంది, మంచినీళ్ళివ్వు, మాట్లాడించకు, తనంతట తనే మాట్లాడతాడు అంది. అట్లాగే…”

“చాలు,” అన్నాడు తండ్రి.

పెద్దమ్మాయి కళ్ళముందు తల్లి మొహం నిలిచింది. చెమట పట్టిన ఆ మొహం. ఎట్లా ఉంది అని అడిగి, చిన్నగా నవ్విన ఆ నోరు. ఆ దిండు మీద పడుకుని ఈయనకి రోజులు లెక్క వేసింది, ఎండలు లెక్క వేసింది, దాహం లెక్క వేసింది. తాను పోయాక ఆ సొరుగు ఖాళీ అవుతుందని కూడా తెలిసే ఉంటుంది. ఇన్నాళ్ళూ జిగురావిడ మీద ఊరిన ఉమ్ము, తండ్రి మీద ఊరిన ఉమ్ము, ఇప్పుడు ఎవరి మీద ఉమ్మాలి? అమ్మ మీదా?

తండ్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. బొటనవేలి గోటి కింద జిగురు పొర చిన్న పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది, ఇందాక ఆవిడ వేలి నుంచి ఒలిచినది. దాన్ని తీయబోయాడు. రాలేదు. ప్యాంటుకి రాసుకున్నాడు. మళ్ళీ రాసుకున్నాడు, గట్టిగా. మొహం ఒక పక్కకి లాక్కుపోయింది.

ఆ మొహం పెద్దమ్మాయికి తెలుసు. ఇన్నాళ్ళూ అద్దంలో చూసుకుంటున్నదే.

ఆయన మొహంలో ఆ రోత ఒక్కసారి చూడాలని ఎన్ని రోజులు కోరుకుంది! వచ్చింది. నోటికి మాత్రం ఏ రుచీ తగల్లేదు.

“నాన్నా,” అంది. “కూర్చో.”

తండ్రి లేచాడు. ఎవరి వైపూ చూడకుండా స్నానాలగదిలోకి వెళ్ళాడు. గడియ పడింది. కొళాయి తిప్పిన చప్పుడు.

జిగురావిడ పెదవి మూల పీలికని వేలితో తీసి, గుట్టలో వేసింది. విప్పిన పొరల్ని వరసగా పెట్టుకుంది. ఎర్రది, చుక్కలది, పైది.

“ఆ కొక్కెం ఇలా ఇయ్యమ్మా,” అంది. “పాత జిగురు గీకి అమ్మ కార్డు అతికించాలి.”

పెద్దమ్మాయి ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. కొత్త కార్డు బల్ల మధ్య తెరిచి ఉంది. తమ్ముడి సంతకం ఒక్కటే ఉంది లోపల. ఇందాకటిదాకా ఆ కార్డు ఆగింది ఆమె పేరు దగ్గర, ఇక ఆయన పెడతాడో లేదో. ఆమె చెయ్యి చాచి, జిగురు గిన్నె దగ్గర ఆగిన పెన్ను తీసుకుంది. మూత తియ్యలేదు.

“చేతులు కడుక్కుంటున్నాడు,” అన్నాడు తమ్ముడు, ఏదో ఒకటి అనాలని.

ముగ్గురూ వింటున్నారు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. సబ్బు జారి కిందపడ్డ చప్పుడైంది, మళ్ళీ తీసుకున్న చప్పుడైంది.

కొళాయి మాత్రం ఎంతకీ కట్టెయ్యడం లేదు.